వెయ్యి కోట్ల బ్యాక్టీరియా పేగు గోడ దగ్గర ఏం చేస్తాయి?

ప్రొబయాటిక్ క్యాప్సూళ్ల డబ్బా తిప్పి చూస్తే చాలా వాటి మీద 10 బిలియన్ సీఎఫ్‌యూ అని ఉంటుంది. అంటే ప్రాణంతో ఉండి, అనువు దొరికితే పెరగగలిగే బ్యాక్టీరియా 1000 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఒక సగటు మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. వాటిలో దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి. ఆ లెక్కన క్యాప్సూల్‌లో వచ్చేది అప్పటికే ఉన్న జనాభాలో సుమారు నాలుగు వేలో వంతు. పైగా మింగినవి చాలామందిలో పేగులో స్థిరపడవు. వేసుకోవడం మానేస్తే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల లోపు మలంలో వాటి జాడ కనిపించదు.

ఇంత కొద్దిగా వచ్చి, కొన్నాళ్లుండి పోయేవి పేగు గోడను ఎలా కాపాడతాయి? ప్రకటనల్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. "మంచి బ్యాక్టీరియా చెడ్డ బ్యాక్టీరియాను తరిమేస్తుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అసలు సంగతి తెలియాలంటే ముందు ఆ గోడ ఎలా ఉంటుందో, ఎక్కడ ఎలా మారుతుందో చూడాలి. ప్రొబయాటిక్ ఎక్కడ పనిచేయగలదో, ఎక్కడ చేయలేదో ఆ గోడ నిర్మాణమే నిర్ణయిస్తుంది.

గోడ అంటే ఒక్క కణం మందం

పేగు లోపలి పొర మందం ఒకే ఒక్క కణం. జీర్ణనాళం లోపలి ముడతలన్నీ విప్పి పరిస్తే వైశాల్యం సుమారు 32 చదరపు మీటర్లు వస్తుందని 2014లో స్వీడన్ పరిశోధకులు కొలిచారు. అంటే దాదాపు 340 చదరపు అడుగులు. అందులో పెద్దపేగు వాటా 2 చదరపు మీటర్లే. ఈ పొరలోని కణాలు మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. ఇన్ని కోట్ల సూక్ష్మజీవులకూ మన రక్తానికీ మధ్య ఉన్నది ఇంత పలచని, నిరంతరం మారిపోయే పొర.

అందుకే దాని ముందు ఒక జిగురు పొర ఉంటుంది. గాబ్లెట్ కణాలు మ్యూక్2 అనే ప్రొటీన్‌ను ఊరిస్తాయి, అది నీరు పీల్చుకుని ఉబ్బి జిగురుగా మారుతుంది. పెద్దపేగులో ఈ జిగురు రెండు అంతస్తులు. పై అంతస్తు వదులుగా ఉంటుంది, బ్యాక్టీరియా అందులో బతుకుతాయి, దాన్ని తింటాయి కూడా. కింది అంతస్తు గట్టిగా కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నప్పుడు అందులో బ్యాక్టీరియా దాదాపు ఉండదు. 2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఎలుకల్లో ఈ సంగతి చూపించాక పెద్దపేగు వాపు జబ్బుల మీద ఆలోచనే మారిపోయింది. చిన్నపేగులో మాత్రం ఒకే వదులు పొర. ఆహారంలోని పోషకాలను పీల్చుకోవాలి కాబట్టి అక్కడ గట్టి జిగురు అడ్డుపడితే కుదరదు. ఆ లోటును పానెత్ కణాలు విడుదల చేసే డిఫెన్సిన్లు, లైసోజైమ్ వంటి క్రిమి సంహారక పదార్థాలు పూడుస్తాయి. వీటికి తోడు ఐజీఏ ప్రతిరక్షకాలు జిగురులో తేలుతూ సూక్ష్మజీవులను పట్టి గుంపుగా కట్టేస్తాయి.

జిగురు దాటితే కణాలు. పక్కపక్క కణాల మధ్య సందులను టైట్ జంక్షన్లు మూసి ఉంచుతాయి. క్లాడిన్లు, ఆక్లూడిన్ అనే ప్రొటీన్లు రెండు కణాలను అతికిస్తాయి. లోపలి వైపు నుంచి జెడ్‌ఓ-1 వాటిని కణంలోని యాక్టిన్ దారాలకు ముడివేస్తుంది. ఈ అతుకులు శాశ్వతంగా బిగిసి ఉండవు. భోజనం తర్వాత గ్లూకోజ్ పీల్చుకునేటప్పుడు కొద్దిగా సడలుతాయి, అది మామూలే. వాపు ఉన్నప్పుడు పరిస్థితి వేరు. టీఎన్ఎఫ్ వంటి సంకేతాలు మయోసిన్ లైట్ చెయిన్ కైనేజ్ అనే ఎంజైమును పెంచుతాయి, అది యాక్టిన్ దారాలను గట్టిగా లాగుతుంది, సందు తెరుచుకుంటుంది. ఆ సందులోంచి బ్యాక్టీరియా పైపొర ముక్కలు లోపలికి జారితే రోగనిరోధక కణాలు మరింత టీఎన్ఎఫ్ విడుదల చేస్తాయి. సందు ఇంకా పెద్దదవుతుంది. పేగులో వాపు ఏళ్ల తరబడి ఉండే క్రోన్స్ జబ్బులో జరిగేది చాలావరకు ఈ విషవలయమే.

కారుతోందని ఎలా తెలుస్తుంది

"లీకీ గట్", అంటే కారే పేగు, అన్న మాట ఈ మధ్య యూట్యూబ్ నిండా వినిపిస్తోంది. అలసట నుంచి మొటిమల దాకా అన్నింటికీ అదే కారణమని చెప్పేస్తున్నారు. పేగు గోడ పారగమ్యత, అంటే పదార్థాలు గోడను దాటి పోయే తీరు, పెరగడం నిజమే. గోధుమల్లోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులో, క్రోన్స్‌లో, మద్యం ఎక్కువగా తాగేవారిలో, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు తరచూ వేసుకునేవారిలో అది పెరుగుతుందని గట్టి ఆధారాలున్నాయి. అయితే "లీకీ గట్ సిండ్రోమ్" అనే ప్రత్యేక జబ్బు వైద్యశాస్త్రంలో లేదు.

పారగమ్యతను కొలిచే పాత పద్ధతి ఒకటి ఎంతో తెలివైనది. పరగడుపున ఒక ద్రావణం తాగిస్తారు. పెద్దవాళ్లకు అందులో సాధారణంగా 5 గ్రాముల లాక్టులోజ్, 1 లేదా 2 గ్రాముల మానిటాల్ ఉంటాయి. రెండూ ఒంట్లో ఖర్చుకావు, రక్తంలోకి చేరినంత మేరా మూత్రంలో బయటికి వచ్చేస్తాయి. మానిటాల్ అణువు చిన్నది, మామూలు గోడను కూడా కొంత దాటుతుంది. లాక్టులోజ్ పెద్దది, అతుకులు సడలితే తప్ప దాటదు. ఐదు గంటల పాటు మూత్రం పట్టి రెండింటి నిష్పత్తి చూస్తారు. గోడ దెబ్బతింటే లాక్టులోజ్ పెరుగుతుంది. పోషకాలను పీల్చే ఉపరితలం తగ్గిపోతే మానిటాల్ కూడా తగ్గుతుంది. పారిశుద్ధ్యం సరిగా లేని చోట్ల పెరిగే పిల్లల్లో పేగు దెబ్బతినడాన్ని ఈ పరీక్షతోనే ఎక్కువగా అధ్యయనం చేశారు. విడిగా ఒక రోగికి జబ్బు ఉందో లేదో తేల్చడానికి మాత్రం ఇది అంతగా పనికిరాదు. మనిషి మనిషికీ ఫలితం చాలా మారుతుంది.

ప్రైవేటు ల్యాబుల్లో, అతుకులను సడలించే ప్రొటీన్ అయిన "జోనులిన్" రక్త పరీక్ష పేరుతో డబ్బు ఖర్చు పెట్టేవారు ఒక విషయం తెలుసుకోవాలి. విస్తృతంగా వాడుతున్న కిట్లు గుర్తిస్తున్నది అసలు జోనులిన్‌ను కాదని 2018లో పరిశోధకులు చూపించారు. ఆ నివేదిక చూసి ప్రొబయాటిక్ కోర్సు మొదలుపెట్టడంలో అర్థం లేదు.

అతిథులకు బలం చిన్నపేగులో

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. పెద్దపేగులో గ్రాముకు సుమారు పది వేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. అక్కడికి చేరిన క్యాప్సూల్ బ్యాక్టీరియా సముద్రంలో కాకిరెట్టే. కానీ చిన్నపేగు మొదటి భాగంలో మిల్లీలీటరుకు వెయ్యి నుంచి లక్ష వరకే ఉంటాయి. మింగిన 1000 కోట్లలో తొంభై శాతం జీర్ణాశయం ఆమ్లంలో చచ్చిపోయాయనే అనుకుందాం. మిగిలిన 100 కోట్లు అర లీటరు ద్రవంలో కలిసినా మిల్లీలీటరుకు 20 లక్షలు. ఆ కొన్ని గంటల పాటు అక్కడ సంఖ్యాబలం వాటిదే. పైగా అక్కడ జిగురు వదులుగా ఉంటుంది కాబట్టి వాటి పైపొర ప్రొటీన్లు కణాలను తాకగలుగుతాయి. ప్రొబయాటిక్‌లు స్థిరపడకపోయినా పని చేయగలగడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

నెదర్లాండ్స్‌లో చేసిన ఒక ప్రయోగం దీన్ని మనుషుల్లోనే చూపించింది. ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వాలంటీర్ల చిన్నపేగు మొదటి భాగంలోకి ట్యూబు ద్వారా లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను ఆరు గంటల పాటు పంపి, అక్కడి కణజాలం ముక్క తీసి చూశారు. అతుకుల చుట్టూ జెడ్‌ఓ-1, ఆక్లూడిన్ పెరిగి కనిపించాయి. 2010లో ప్రచురితమైన ఈ పరిశోధనలోనే, కణాల మీదుండే టీఎల్ఆర్2 అనే గ్రాహకం ద్వారా ఈ సంకేతం వెళ్తుందని ల్యాబులో తేల్చారు. బ్యాక్టీరియా పైపొరను ఆ గ్రాహకం గుర్తుపడుతుంది, కణం తన అతుకులను సర్దుకుంటుంది. బ్యాక్టీరియా అక్కడ ఇల్లు కట్టుకోవలసిన పని లేదు.

ఎక్కువగా పరిశోధన జరిగిన లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ సంగతి ఇంకా ఆసక్తికరం. 1980ల్లో అమెరికా శాస్త్రవేత్తలు షెర్వుడ్ గోర్బాక్, బారీ గోల్డిన్ దీన్ని వేరుచేశారు. జీజీ అన్నవి వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. దీని ఒంటి మీద స్పా-సీబీఏ అనే సన్నని నూగు ఉంటుంది, దానితో జిగురును పట్టుకుని మిగతా వాటికన్నా కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది. ఇది పీ40, పీ75 అనే రెండు ప్రొటీన్లను చుట్టూ ఉన్న ద్రవంలోకి వదులుతుంది. టీఎన్ఎఫ్ దాడిలో చనిపోవలసిన పేగు కణాలను ఆ ప్రొటీన్లు కణం తాలూకు ఈజీఎఫ్ గ్రాహకాన్ని మేల్కొలిపి బతికిస్తాయి. బ్యాక్టీరియాను తీసేసి ఆ ద్రవాన్ని మాత్రమే వేసినా ఫలితం వచ్చింది.

ఇలాగే ఒక్కో రకానికీ ఒక్కో విద్య. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ 299వీ జిగురు తయారీని పెంచుతుందని కణాల మీద ప్రయోగాల్లో తేలింది. లాక్టోబాసిల్లస్ సాలివేరియస్ యూసీసీ118 ఒక బ్యాక్టీరియోసిన్, అంటే ఇతర బ్యాక్టీరియాను చంపే ప్రొటీన్, తయారు చేసి ఎలుకలను లిస్టీరియా అనే రోగకారక బ్యాక్టీరియా నుంచి కాపాడింది. ఆ బ్యాక్టీరియోసిన్ జన్యువును తీసేసిన అదే బ్యాక్టీరియా కాపాడలేకపోయింది. ఈ కోలై నిస్లే 1917 వెనుక ఒక యుద్ధకాలపు కథ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తోటి సైనికులకు విరేచనాలు పట్టుకున్నా తనకు మాత్రం అంటని ఒక జర్మన్ సైనికుడి మలం నుంచి ఆల్‌ఫ్రెడ్ నిస్లే దాన్ని వేరుచేశాడు. అది తన కదలికకు వాడే ఫ్లాజెల్లిన్ ప్రొటీన్ ద్వారా పేగు కణాలను డిఫెన్సిన్ తయారు చేసేలా పురిగొల్పుతుంది. పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే అల్సరేటివ్ కొలైటిస్ తగ్గాక తిరగబెట్టకుండా ఆపడంలో మెసలజీన్ మందుతో దాదాపు సమానంగా పనిచేసిందని 2004లో ప్రచురితమైన పరీక్ష చూపించింది. కానీ ఇదే బ్యాక్టీరియాలో కోలిబాక్టిన్ అనే, డీఎన్ఏను దెబ్బతీసే పదార్థాన్ని తయారుచేసే జన్యువులూ ఉన్నాయి. మేలు చేసే గుణమూ, ఆలోచించవలసిన గుణమూ ఒకే రకంలో ఉండవచ్చు.

పెద్దపేగులో పని ఇంటివాళ్లది

పెద్దపేగు గోడను రోజూ నిలబెట్టేది మాత్రం క్యాప్సూల్‌లో సాధారణంగా దొరకని బ్యాక్టీరియా. ఫీకాలిబాక్టీరియం, రోజ్‌బురియా వంటివి మనం అరిగించుకోలేని పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లం తయారు చేస్తాయి. పెద్దపేగు కణాలకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం బ్యూటిరేట్ నుంచే వస్తుంది. మన ఒంట్లో చాలా కణాలు గ్లూకోజ్ వెంట పడుతుంటే ఇవి బ్యాక్టీరియా వండిపెట్టినదే తింటాయి.

ఇందులో ఉన్న కిటుకు ఆక్సిజన్. బ్యూటిరేట్‌ను కాల్చడానికి కణం చాలా ఆక్సిజన్ వాడుకుంటుంది. దాంతో గోడ ఉపరితలం దగ్గర ఆక్సిజన్ దాదాపు లేకుండా పోతుంది. ఆ లేమిలో కణంలోని హెచ్ఐఎఫ్ అనే ప్రొటీన్ నిలదొక్కుకుని జిగురుకు, అతుకులకు సంబంధించిన జన్యువులను నడిపిస్తుంది. పేగు లోపల ఆక్సిజన్ లేకపోతే అది పడని బ్యాక్టీరియా, అంటే బ్యూటిరేట్ తయారు చేసేవే, హాయిగా బతుకుతాయి. యాంటీబయాటిక్ వచ్చి వాటిని చంపితే బ్యూటిరేట్ తగ్గుతుంది. కణాలు గ్లూకోజ్ మీదకు మళ్లుతాయి, ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది, మిగిలినది పేగులోకి ఊరుతుంది. అప్పుడు ఆక్సిజన్‌తో పెరగగలిగే సాల్మొనెల్లా, ఈ కోలై వంటివి విజృంభిస్తాయి. యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో వచ్చే విరేచనాల వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం బ్యూటిరేట్ తయారు చేయవు. వాటివి లాక్టేట్, అసిటేట్. ఆ రెంటినీ ఇంటి బ్యాక్టీరియాలో కొన్ని తిని బ్యూటిరేట్‌గా మారుస్తాయి. అసిటేట్‌కు సొంత బలమూ ఉంది. 2011లో జపాన్ పరిశోధకులు ఎలుకల్లో చూపినదాని ప్రకారం, బిఫిడోబాక్టీరియం లాంగమ్ రకాల్లో అసిటేట్ ఎక్కువగా తయారుచేసినవి ఈ కోలై ఓ157 విషం నుంచి ఎలుకలను కాపాడాయి, తక్కువ తయారుచేసినవి కాపాడలేకపోయాయి. ఒకే జాతిలోనే ఇంత తేడా.

పీచు దొరకకపోతే ఇంటివాళ్లే గోడ మీద పడతారు. 2016లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగంలో పీచు లేని తిండి పెట్టినప్పుడు బ్యాక్టీరియా జిగురు పొరను తినేసి పలచన చేశాయి. తర్వాత రోగకారక బ్యాక్టీరియాను ఎక్కిస్తే ఆ ఎలుకల పేగులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. క్యాప్సూల్ కొనడానికి ముందు కంచంలో ఏముందో చూసుకోవాలని పేగు నిపుణులు నొక్కి చెప్పేది ఇందుకే.

మన తిండి లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన ఆహార పట్టికల ప్రకారం, వండని 100 గ్రాముల్లో పీచు పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. జొన్నల్లో సుమారు 10, రాగుల్లో 11, పొట్టుతో ఉన్న పెసల్లో 17 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు ఉండాలంటుంది. మూడు పూటలా తెల్లన్నం, పలచని పప్పుచారు తింటే అందులో సగం అందడం కూడా కష్టమే. ఒక పూట జొన్నరొట్టె, పెసలు, గోరుచిక్కుడు కూర చేర్చుకుంటే లెక్క మారిపోతుంది. అయితే ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరం, గ్యాస్ తప్పవు. వారానికి 5 గ్రాముల చొప్పున పెంచుకుంటూ, నీళ్లు కూడా ఎక్కువ తాగాలి. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వచ్చే పేగు ఇబ్బంది) ఉన్నవాళ్లకు ఉల్లి, వెల్లుల్లి, పప్పుల్లోని పులిసే చక్కెరలు పడకపోవచ్చు, వాళ్లు డైటీషియన్ సలహాతోనే మార్పు చేసుకోవడం మంచిది.

పెరుగు, చద్దన్నం లెక్కలోకి వస్తాయా

2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ నిపుణులు ఇచ్చిన నిర్వచనం ప్రకారం ప్రొబయాటిక్ అనిపించుకోవాలంటే సూక్ష్మజీవి ప్రాణంతో ఉండాలి, తగినంత మోతాదులో ఇవ్వాలి, దానివల్ల మేలు జరగాలి. ఆ మేలు ఏ రకం వల్ల జరిగిందో తెలిసి ఉండాలని నిపుణులు గట్టిగా చెబుతారు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో లాక్టిక్ బ్యాక్టీరియా గ్రాముకు కోట్లలో ఉంటాయి. కానీ ఒక ఇంటి తోడుకీ ఇంకో ఇంటి తోడుకీ పొంతన ఉండదు, ఇవాళ్టి పెరుగుకీ నెల కిందటి పెరుగుకీ కూడా ఉండకపోవచ్చు. కాబట్టి కచ్చితమైన అర్థంలో అది ప్రొబయాటిక్ కాదు. అలాగని విలువ లేనిదీ కాదు. పాలు పడనివాళ్లకు పెరుగు పడడానికి కారణం ఆ బ్యాక్టీరియా తెచ్చే లాక్టేజ్ ఎంజైమే. అది పేగులో పాల చక్కెరను విడగొడుతుంది. మందులాగా ఫలానా జబ్బుకు పనిచేస్తుందని చెప్పడానికి మాత్రం ఆధారం చాలదు.

వేడి తగిలితే లెక్క మారుతుంది. మజ్జిగ పులుసు మరిగాక, ఇడ్లీ ఆవిరి మీద ఉడికాక వాటిలో ప్రాణంతో ఉన్న లాక్టిక్ బ్యాక్టీరియా మిగలదు. చద్దన్నం, తరవాణిలో బతికే ఉంటాయి, పైగా చల్లారిన అన్నంలో అరగని పిండి పదార్థం కాస్త పెరిగి పెద్దపేగు బ్యాక్టీరియాకు మేత అవుతుంది. వాటితో వచ్చే ఇబ్బంది నీళ్లు. శుభ్రం కాని నీళ్లు పోసి ఎండాకాలం రాత్రంతా ఉంచితే లాక్టిక్ బ్యాక్టీరియాతో పాటు రాకూడనివీ పెరుగుతాయి. కాచి చల్లార్చిన నీళ్లు, మూత పెట్టిన గిన్నె, మర్నాడు పొద్దున్నే తినేయడం, ఇవి తప్పనిసరి.

ల్యాబులో గెలిచి వార్డులో ఓడేవి

ప్రొబయాటిక్ మీద వచ్చే ప్రయోగశాల ఫలితాల్లో అత్యధికం కాకో-2 కణాల మీద చేసినవి. పెద్దపేగు క్యాన్సర్ నుంచి తీసిన ఈ కణాలను సన్నని రంధ్రాల పొర మీద దాదాపు 21 రోజులు పెంచితే గట్టి అతుకులతో ఒక పొర తయారవుతుంది. దానికి రెండు వైపులా ఎలక్ట్రోడ్లు పెట్టి విద్యుత్ నిరోధం కొలుస్తారు. నిరోధం పడిపోతే అతుకులు సడలినట్టు. ఈ కణాల మీద జిగురు సరిగా ఉండదు, ఐజీఏ ఉండదు, పక్కన ఇంటి బ్యాక్టీరియా అసలే ఉండదు. అందుకే అక్కడ నిరోధం పెంచిన బ్యాక్టీరియా మనిషిలోనూ పెంచుతుందని నమ్మడానికి లేదు.

2018లో రెండు పెద్ద పరీక్షలు ఇదే చెప్పాయి. అమెరికాలో విరేచనాలున్న 971 మంది పిల్లల్లో దాదాపు సగం మందికి రామ్నోసస్ జీజీ ఇచ్చారు. కెనడాలో 886 మందిలో సగం మందికి వేరే రెండు రకాల మిశ్రమం ఇచ్చారు. ఉత్తుత్తి మందు ఇచ్చినవారితో పోలిస్తే రెండు చోట్లా తేడా రాలేదు. విరేచనాలు పట్టుకున్న పిల్లకు మొదట కావలసింది ఓఆర్ఎస్, దానితో పాటు జింక్. ఆరు నెలల లోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ప్రొబయాటిక్ సాచెట్ కొని జింక్ మరచిపోవడం చాలా ఇళ్లలో జరుగుతోంది. అది పిల్లలకు నష్టం.

అదే ప్రొబయాటిక్ సరైన చోట, సరైన సమయంలో ఎంత చేయగలదో చూడాలంటే ఒడిశాకు వెళ్లాలి. పినాకి పాణిగ్రాహి బృందం అక్కడి పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులపై చేసిన పరీక్ష 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. రెండు కిలోలకు తక్కువ కాని బరువుతో, 35 వారాలు నిండి పుట్టిన పిల్లలు వీళ్లు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఏటీసీసీ 202195 రకం 100 కోట్లు, దానికి మేతగా 150 మిల్లీగ్రాముల ఫ్రక్టో-ఒలిగోశాకరైడ్ కలిపి, రోజుకోసారి ఏడు రోజులు ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రమాదకర ఇన్ఫెక్షన్) లేదా మరణం ఉత్తుత్తి మందు వర్గంలో 9 శాతం ఉంటే, ఇక్కడ 5.4 శాతం. అప్పుడే పుట్టిన బిడ్డ పేగులో పాత జనాభా ఇంకా స్థిరపడలేదు, గోడ ఇంకా పూర్తిగా బిగియలేదు. పైగా ఎంతో వెతికి, పేగులో నిలబడగల రకాన్నే ఎంచుకున్నారు. అతిథికి చోటు దొరికింది. పెద్దవాళ్ల పేగులో ఈ అవకాశం ఉండదు.

యాంటీబయాటిక్ తర్వాత పేగు ఖాళీ అవుతుంది కదా, అప్పుడు క్యాప్సూల్ వేసుకుంటే ఇంటి బ్యాక్టీరియా త్వరగా కోలుకుంటుందని అనిపిస్తుంది. 2018లో వైజ్‌మన్ బృందం దీన్ని పరీక్షించి చూస్తే ఫలితం తారుమారైంది. 11 రకాల మిశ్రమం వేసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం, ఏమీ వేసుకోనివాళ్లకన్నా చాలా ఆలస్యమైంది. యాంటీబయాటిక్ నడుస్తున్నప్పుడు వచ్చే విరేచనాలను తగ్గించడానికి కొన్ని రకాలు పనికొస్తాయి. శాకరోమైసిస్ బౌలార్డీ ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దాన్ని చంపదు. కోర్సు అయిపోయాక నెలల తరబడి వాడడానికి మాత్రం కారణం కనిపించదు.

కొనేముందు చూడవలసినవి

పేరులో మూడు భాగాలుండాలి: ప్రజాతి, జాతి, చివర జీజీ, 299వీ లాంటి రకం గుర్తు. చివరి గుర్తు లేకపోతే ఆ ఉత్పత్తి వెనుక ఏ పరిశోధనా ఉన్నట్టు లెక్క కాదు. 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని 25గా విడగొట్టారు కాబట్టి ఒకే రామ్నోసస్ ఒక డబ్బా మీద లాక్టోబాసిల్లస్ అని, ఇంకో దాని మీద లాక్టికేసిబాసిల్లస్ అని ఉండవచ్చు, కంగారు పడనక్కర్లేదు. సంఖ్య తయారైన రోజుదా, గడువు తేదీ నాటిదా చూడండి. రెండోదే నమ్మదగినది. మన దేశ ఆహార నియమాల ప్రకారం ప్రొబయాటిక్ ఆహారంలో రోజు మోతాదుకు కనీసం 10 కోట్లు ఉండాలి, ఎక్కువ ఉంటే ఎక్కువ మేలన్న హామీ మాత్రం లేదు. పది రకాలు కలిపిన డబ్బా, ఒక రకం ఉన్నదానికన్నా గొప్పదీ కాదు.

ఎండబెట్టిన బ్యాక్టీరియాకు వేడి, తేమ రెండూ శత్రువులే. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఎండలో నిలిపిన కారులో వదిలేసిన సాచెట్లలో ఎంత మిగిలి ఉంటుందో చెప్పలేం. ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉంటే షాపులో కూడా ఫ్రిజ్ నుంచే తీసి ఇవ్వాలి. వేడి పాలల్లో, టీలో కలపకూడదు. జీర్ణాశయంలో ఆమ్లం తీవ్రత తగ్గేలా భోజనంతో పాటు గానీ, దానికి అరగంట ముందు గానీ తీసుకుంటే ఎక్కువ బతుకుతాయి. యాంటీబయాటిక్ మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి.

పాశ్చరైజ్ చేసిన, అంటే వేడితో చంపిన, అక్కర్‌మాన్సియా అనే పేగు బ్యాక్టీరియా ఉన్న కొత్త ఉత్పత్తులు విదేశాల్లోని మన వాళ్లకు ఇప్పటికే కనిపిస్తున్నాయి. చచ్చిన బ్యాక్టీరియాను ఎందుకు అమ్ముతున్నారన్న సందేహం సహజం. దాని పైపొర మీది అముక్_1100 అనే ప్రొటీన్ వేడికి తట్టుకుని, టీఎల్ఆర్2 ద్వారా గోడకు సంకేతం ఇస్తుంది. 2019లో బెల్జియంలో స్థూలకాయులపై మూడు నెలల చిన్న పరీక్షలో ప్రాణంతో ఉన్నదానికన్నా పాశ్చరైజ్ చేసినదే మెరుగ్గా కనిపించింది. పరీక్ష ముగించినవాళ్లు 32 మందే కాబట్టి ఇంకా పెద్ద పరీక్షలు రావాలి.

ఎవరు వాడకూడదన్నది ఈ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) రోగుల పేగు నుంచి బ్యాక్టీరియా రక్తంలోకి పోకుండా ఆపుదామని ఆరు రకాల మిశ్రమం ఇచ్చారు. గోడను కాపాడాలన్న ఉద్దేశంతోనే చేసిన పరీక్ష అది. 2008లో ఫలితాలు వచ్చాక అందరూ నిర్ఘాంతపోయారు. ప్రొబయాటిక్ ఇచ్చినవారిలో 16 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 6 శాతం మంది చనిపోయారు. ప్రొబయాటిక్ వర్గంలో తొమ్మిది మందికి పేగుకు రక్తప్రసరణ ఆగిపోయింది, రెండో వర్గంలో ఒక్కరికీ కాలేదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. ఐసీయూలో ఉన్నవాళ్లు, మెడ దగ్గర పెద్ద సిరలో గొట్టం ఉన్నవాళ్లు, కీమోథెరపీ లేదా అవయవ మార్పిడి మందుల మీద ఉన్నవాళ్లు డాక్టర్ చెప్పకుండా ఏ ప్రొబయాటిక్ కూడా వేసుకోకూడదు. బౌలార్డీ సాచెట్‌ను రోగి పక్కన చింపినా పొడి గాలిలోకి లేచి సిర గొట్టం దగ్గరకు చేరి రక్తంలో ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చిన కేసులున్నాయి.

మిగతావాళ్లు ఒక నిర్దిష్ట ఇబ్బందికి, దానికి తగిన రకాన్ని ఎంచుకుని నాలుగు వారాలు వాడి చూడవచ్చు. తేడా కనిపించకపోతే ఆపేయాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, విడవని జ్వరం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ప్రొబయాటిక్‌తో రోజులు గడపకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవాలి.